మంగతాయారు గారి కొసరు

గోడ మీద, పడమటి తెప్పలో ఉండే ఎవరిదో ఒక గీత కాస్త పైకి లేచింది. వకుళ చిటికెన వేలితో దాన్ని కిందికి నొక్కింది. ఆ గీత తాలూకు మనిషి ఇవాళ పెసరట్టులో అల్లం ముక్క తగులుతుందని ఆశపడుతున్నాడు. వంటశాలలో అల్లం లేదు. ఆశ పెంచుకున్నాక లేదంటే మనిషి చిన్నబుచ్చుకుంటాడు, నీటిపేటలో మనిషన్నవాడు చిన్నబుచ్చుకోకూడదు. అందుకని అతని చెవిపూసలోంచి "ఇవాళ అట్టులో అల్లం ఉండదండి, జీలకర్ర ఉంటుంది" అని ముందుకబురు చెప్పించింది. ఆశ సర్దుకుంది. గీత బుద్ధిగా పడుకుంది.

పొద్దు పొడిచింది మొదలు వకుళ పని ఇదే. గీతల గది ఊళ్ళోకల్లా ఎత్తయిన తెరచాప కొయ్య మీద ఉంది. గోడ నిండా నీలిగీతలే, ఊళ్ళో ఎంతమంది మనుషులుంటే అన్ని. నీలిగీత అంటే మనిషి ఊహ. రాబోయేది ఎంత బాగుంటుందని మెదడు లోలోపల అంచనా కట్టుకుంటుందో అది చూపిస్తుంది. నడిమెదడులో గోరంత చోట కాపురమున్న కొన్ని లక్షల కణాలు ఆ అంచనాకి కాపలా కాస్తాయి. అనుకున్నదానికన్నా ఎక్కువ దొరికితే గుప్పున డోపమిన్ చిమ్ముతాయి, గీత మీద బంగారు చుక్క మెరుస్తుంది. అది మిణుకు. అనుకున్నంతే దొరికితే ఉలకవు, పలకవు. తక్కువ దొరికితే ఉన్న సద్దు కూడా మానేస్తాయి, గీత గోతిలో పడుతుంది. అది కుంగు. ఆ గదిలో కుంగు అనే మాట ఎవరూ పైకి అనరు. రాత్రిపూట పాముని పురుగు అన్నట్టు, "అది వచ్చిందండి" అంటారు.

అంత భయం ఎందుకంటే, ఊరు పుట్టిందే ఆ భయంలోంచి. గోదారి సముద్రంలో కలిసేచోట లంకలన్నీ నీళ్ళలో మునిగిపోయిన రోజుల్లో, ఇవాళ పడవ వస్తుంది, రేపు పడవ వస్తుంది అని ఎదురుచూసి ఎదురుచూసి వేసారిన జనం తామే తెప్పలు కట్టుకుని, ఒకదానికొకటి ముడివేసి, ఊరు చేసుకున్నారు. ఊరి ముఖద్వారం మీద ఒకే మాట చెక్కించారు: నిరాశ లేని ఊరు. ఆ మాట నిలబెట్టడానికే సరితూకం అనే యంత్రాన్ని పెట్టుకున్నారు. ఎవరికి ఏం కావాలో అది ముందే కనిపెడుతుంది, కనిపెట్టింది ఇస్తుంది, ఇచ్చేముందు చెవిలో చెబుతుంది. లేదు అనే మాట ఊళ్ళో వినపడి చాలా ఏళ్ళయింది.

పాపం, పెద్దలు మంచివాళ్ళే. కొన్నాళ్ళకి గోడ మీద మిణుకులు తగ్గిపోతున్నాయని వాళ్ళకీ తెలిసింది. అనుకున్నదే అనుకున్నట్టు దొరికితే కణాలు పలకవని, కాస్త ఎక్కువ దొరకాలని వైద్యులు చెప్పారు. పెద్దలు తొడ చరిచారు. ఇంతేనా! అసలుకన్నా కొసరు ముద్దని మన ముత్తాతలకి తెలీదా? మర్నాటినుంచి ఊళ్ళో అందరికీ, అన్నిటికీ కొసరు ఖాయం చేశారు. పాలకి కొసరు, చేపకి కొసరు, ఆఖరికి క్షవరానికి కొసరు. మొదట్లో గోడ దీపావళి చేసుకుంది. నెల తిరిగేసరికి కొసరు కూడా ఊహలో కలిసిపోయింది. ముందుకబురులో వచ్చే కొసరు ఇక కొసరెలా అవుతుంది? పెద్దలు పట్టు వదల్లేదు. కొసరుకి కొసరు పెట్టారు. దానికీ ఒక కొసరు పెట్టారు. ఇప్పుడు ఊరివాళ్ళు అసలు వండుకుని, కొసర్లన్నీ సముద్రంలో పారబోస్తున్నారు. చుట్టుపక్కల చేపలు బలిసి ఈదలేకపోతున్నాయి.

ఇవాళ గోడ మీద ఒక్క మిణుకూ లేదు. నిన్నా లేదు. సరితూకం మాత్రం పచ్చటి అక్షరాలతో "ఊరు కుశలం" అని చూపిస్తోంది.

గోడకి ఒక మూల వకుళ ముట్టుకోకూడని గీత ఒకటుంది. సొంతవాళ్ళ గీత సరిదిద్దకూడదని నియమం. అది ఆమె అత్తగారు మంగతాయారుది. దండెం తాడుకైనా కాస్త వంపుంటుంది గానీ దానికి లేదు. వకుళ దానివంక చూడకూడదనుకుంటూనే పది పనుల మధ్య పదిసార్లు చూసింది.

చూడకుండా ఎలా ఉంటుంది? పొద్దున్న రెండు చీరలు తీసి మంచం మీద పరిచి, "ఏది కట్టుకుంటారత్తయ్యా?" అని అడిగింది. మంగతాయారు చెయ్యి చాచింది. ఆ చెయ్యి పచ్చచీరకీ నేరేడుచీరకీ నడుమ గాలిలో అలాగే ఆగిపోయింది. ఎంతసేపటికీ ఎటూ కదల్లేదు.

"ఏదైనా ఒకటేనమ్మా. నీ ఇష్టం," అందావిడ.

ఆ 'అమ్మా' అన్న పిలుపుకే వకుళ గుండె జారిపోయింది. కాపరానికొచ్చిన కొత్తలో ఇదే మనిషి, "ఏవే, కళ్ళకి పొరలేవైనా కమ్మాయా? ఆ పచ్చకి ఈ రవికేంటే?" అని ఏడు తెప్పలు వినపడేలా అరిచేది. వకుళా తక్కువ తినలేదు. అత్తాకోడళ్ళు దెబ్బలాడుకుంటుంటే పక్క తెప్పలవాళ్ళు పీటలు తెచ్చుకుని కూర్చునేవారు. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ ఒకే కంచంలో మురీలు కలుపుకుని తినేవాళ్ళు. ఆ తిట్లు ఆగిపోయాక ఇల్లు ఇల్లులా లేదు.

ఎందుకాగిపోయాయో వకుళకి తెలుసు. ఇటు వెళ్తే మేలు, అటు వెళ్తే కీడు అని మనిషికి దారి చెప్పేవి ఆ చుక్కలూ ఆ గోతులే. కణాలు ఎగరకా, కుంగకా, ఏళ్ళ తరబడి ఒకే తీరున ఉంటే మెదడుకి పచ్చచీరా ఒకటే, నేరేడుచీరా ఒకటే. మిగతా ఊరు ఇంకా అలవాటు మీద నడుస్తోంది. మంగతాయారుకి ఆ అలవాటు కూడా అయిపోయింది.

తలుపు దగ్గర దగ్గు వినపడింది. ఊరిపెద్ద పేర్రాజు గారు. ఆయన చేతిలో కుంకుమభరిణెంత పెట్టె ఉంది. అందులో ఏముందో వకుళకి చెప్పక్కర్లేదు.

"ఏవమ్మా వకుళా, మీ అత్తగారికి ఇవాళ మధ్యాహ్నం పెట్టేద్దామా?"

"తోడుపూసా అండి?"

"అదేనమ్మా. మీ ఆయనకి కబురంపితే, అలలతో కరెంటు తీసే తెప్పల మీద పని వదిలి రావడానికి వీలవ్వదు, వకుళ మాటే నా మాట అన్నాడు. నువ్వు వేలిముద్ర వేస్తే చాలు." పేర్రాజు గారు నొచ్చుకుంటూనే చెప్పారు. "ఇంక ఆవిడకే బాధా ఉండదు. చీర అదే ఎంచుతుంది, కూర అదే ఎంచుతుంది. మిణుకులు కూడా అదే పోస్తుంది."

"అది అన్నీ చేస్తుంది సరేనండి. మరి అత్తయ్య ఏం చేస్తారు?"

"హాయిగా ఉంటారు."

"హాయిగా ఉండేదీ ఆ పూసేగా అండి?"

పేర్రాజు గారు భరిణెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. తోడుపూస ఒకసారి పెడితే మళ్ళీ తియ్యడం కుదరదని ఇద్దరికీ తెలుసు. పూస పోస్తుంటే సొంత కణాలు పని మర్చిపోతాయి. తిట్టే మంగతాయారు, నవ్వే మంగతాయారు ఇంక ఎప్పటికీ తిరిగి రాదు.

"ఆవిడ మంచం పట్టేదాకా ఆగలేం కదమ్మా," అన్నారాయన. "నిన్న ముద్ద నోటిదాకా తెచ్చుకుని మింగాలో వద్దో తేల్చుకోలేకపోయారట. రేవులో చేపలు పంచే నూకాలు చెప్పింది."

 వకుళ చెయ్యనిదేముంది? మెంతి వేసి చేపలపులుసు పెట్టింది, సరితూకం చెవిలో ముందే చెప్పేసింది. మల్లెలు తెప్పించింది, అవి బయలుదేరకముందే వాసనతో సహా వర్ణించేసింది. ఈ ఊళ్ళో ఏది ఇవ్వబోయినా ఆ యంత్రం పసిగడుతుంది. చాటుగా ఇవ్వడానికి దారే లేదు.

"ఇవాళ రేవులో చేపల పంపకం ఉంది కదండీ. అత్తయ్యని ఒక్కసారి తీసుకెళ్తాను. ఆ తర్వాత మీ ఇష్టం."

"రేవులోనే కలుస్తాను," అని పేర్రాజు గారు దిగివెళ్ళారు.

రేవు అనగానే వకుళకి తన పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దు గుర్తొచ్చింది. అప్పటికి సరితూకం పంపకాల్లో చెయ్యి పెట్టలేదు. నూకాలు తన ఇష్టమొచ్చినట్టు చేపలు పంచేది. మంగతాయారు కొత్తకోడలిని వెంటేసుకుని వెళ్ళి, కొసరు అడగడమెలాగో నేర్పింది. ముందు చేపని చీదరగా చూడాలి. తర్వాత అడగాలి. లేదంటే దెప్పాలి. అప్పటికీ వెయ్యకపోతే బుట్ట తీసుకుని వెనక్కి తిరిగి నడవాలి, అయితే పిలిస్తే వినపడేటంత నిదానంగా. ఆ నడక నడవడంలో మంగతాయారుని మించినవాళ్ళు లేరు. ఆవిడ వెనక్కి తిరిగితే చేపే సిగ్గుపడి బుట్టలోకి దూకేదని రేవులో అనుకునేవారు.

ఆ పొద్దు నూకాలు పిలవలేదు. కొసరు వెయ్యలేదు. మంగతాయారు ఇంటిదాకా నూకాలు ఏడు తరాలనీ తిట్టింది. రేపు ఎలా రాబట్టాలో పన్నాగాలు పన్నింది. మధ్యలో ఆగి తన పన్నాగానికి తనే పకపకా నవ్వింది. కొసరు దొరికిన రోజుల్లో కూడా అత్తగారి మొహం అంత వెలగడం వకుళ చూడలేదు.

వకుళ గోడ ముందు నిలబడిపోయింది. సరితూకానికి ఇవ్వడం తెలుసు, ఎంత ఇవ్వాలో తెలుసు, ఎప్పుడివ్వాలో తెలుసు. ఇవ్వకపోవడం మాత్రం దానికి తెలీదు. ఈ ఊళ్ళో ఆ పని చేసినవాళ్ళే లేరు.

ఒకరి వాటా లాక్కోవడం నీటిపేటలో ఉన్న ఒకే ఒక్క నేరం. పైగా అలా కుంగిన గీత తిరిగి లేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అదంతా వకుళకి తెలుసు. అయినా మెట్లు దిగింది.

రేవులో జనం వరసగా బుట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ మాట్లాడుకోవడం లేదు. ఏం దొరుకుతుందో అందరికీ తెలిసినప్పుడు మాట్లాడుకోవడానికేముంది? నూకాలు గట్టు మీద గంపల మధ్య కూర్చుని, చెవిపూస చెప్పినట్టు చేపలు వేస్తోంది. వకుళ ముందుగా ఆమె దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పింది.

"నూకాలూ, ఇవాళ మా అత్తయ్యకి కొసరు వెయ్యకు."

నూకాలు గుండెల మీద చెయ్యేసుకుంది. "అమ్మో! నా వల్ల కాదండమ్మగోరూ. సెయ్యి రాదండి. అలాటి పాపం నాను సెయ్యను."

"సరే. నువ్వు వెయ్యి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

మంగతాయారు వంతు వచ్చింది. ఆవిడ చూపు ఎక్కడో నీళ్ళ మీద ఉంది. నూకాలు బుట్టలో ఒక చందువా చేప పెట్టింది. దాని మీద పిడికెడు రొయ్యలు కొసరు వేసింది. ఆ కొసరు మీద నాలుగు నెత్తళ్ళు కొసరు వేసింది. మంగతాయారు బుట్ట ఎత్తబోయింది.

వకుళ వంగి బుట్టలో చెయ్యి పెట్టింది. రొయ్యల్నీ నెత్తళ్ళనీ దోసిట్లోకి తీసుకుని, అందరూ చూస్తుండగా తిరిగి గంపలో పోసింది.

 ఎవరిదో బుట్ట చేజారి కిందపడింది. గట్టు మీది స్తంభంలోంచి సరితూకం గొంతు వినపడింది. "రేవులో లోపం. కొసరు తగ్గింది. కారణం తెలియదు. కారణం తెలియదు."

వకుళ అరచేతిలో గోడ మీది గీతల్ని చూపించే చిన్న పలక ఉంది. దాని మీద అత్తగారి గీత రాయి వేసిన బావితాడులా కిందికి జారిపోతోంది. అంత లోతు ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఎంత పని చేశావమ్మా!" పేర్రాజు గారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. భరిణె మూత అప్పటికే తెరిచి ఉంది. "అది వచ్చింది! చూడు, అది వచ్చింది! లేవకపోతే ఏం చేస్తావు? పక్కకి జరుగు, పూస పెట్టేస్తాను."

"ఒక్క క్షణం ఆగండి బాబుగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

మంగతాయారు బుట్టవంక చూసింది. తర్వాత గంపవంక చూసింది. ఆవిడ కనుబొమల మధ్య చిన్న మడత పడింది. ఆ మడత వకుళకి బాగా తెలుసు. అది కనపడి ఎంతకాలమైందో!

"కొసరేదీ?" అందావిడ, చాలా మెల్లిగా.

"లేదత్తయ్యా."

"లేదంటే?"

"లేదంటే లేదు. ఇవాళ మీకు కొసరు లేదు."

గీత ఇంకా జారింది. వకుళకి ఏడుపొచ్చేసింది. ఆ దోసెడు రొయ్యలూ తిరిగి బుట్టలో పోసేసి అత్తగారిని వాటేసుకుందామనిపించింది. చెయ్యి గంపవైపు వెళ్ళింది కూడా.

"పొయ్యకు!" మంగతాయారు గొంతు ఖంగుమంది. "నా చేతిలోది లాక్కుని, ఇప్పుడు ముష్టి వేస్తావా? ఎవరనుకుంటున్నావే నన్ను? మంగతాయారుని! ఈ రేవులో కొసరు లేకుండా బుట్ట ఎత్తిన పాపాన పోలేదు నేను. ఏవే నూకాలూ, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? చూస్తూ ఊరుకుంటావేంటి?"

 వరసలో వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"ఈ చందువా మొహం చూడు," అని మంగతాయారు చేపని తోకపట్టి ఎత్తింది. "మూడురోజుల జొరంలోంచి లేచినట్టుంది. దీనికి కొసరు కూడా లేదంటే నా మొగుడు స్వర్గంలోంచి దిగొచ్చి నవ్వుతాడు. పిడికెడు రొయ్యలు వెయ్యి."

"లేదండి," అంది వకుళ, చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"సరే, అర పిడికెడు."

"అదీ లేదండి."

"అయితే మీ చేప మీరే ఉంచుకోండి. మీ గంప మీరే ఊరేగించుకోండి." మంగతాయారు చేపని గంపలో పడేసి, ఖాళీబుట్ట చంకనేసుకుని, వెనక్కి తిరిగింది.

నడిచింది. పిలిస్తే వినపడేటంత నిదానంగా నడిచింది.

వకుళ పలక చూసింది. గోతి అడుగున గీత వణుకుతోంది. పిలుస్తారా, పిలవరా? ఆ ప్రశ్న తాలూకు వణుకు అది. ఏదీ దొరకలేదు, ఏదీ రాలేదు, అయినా గీత సన్నగా, మొండిగా పైకి పాకుతోంది. పేర్రాజు గారు భరిణె పట్టుకునే పక్కనుంచి పలకలోకి తొంగిచూశారు.

మంగతాయారు ఇంకాస్త నిదానించింది. చెంగు సర్దుకుంది. లేని ముల్లు కాల్లో గుచ్చుకున్నట్టు ఆగి, పాదం చూసుకుంది. రేవులో ఒక్కరి చూపూ ఆవిడ వీపు మీదనుంచి కదలడం లేదు. "పిలుస్తుందంటారా?" అని ఒకాయన పక్కాయన్ని అడిగాడు. "ఏమోనండి," అన్నాడు పక్కాయన. ఇద్దరి గీతలూ ఒకేసారి లేచాయి.

నూకాలు ఇంక తట్టుకోలేకపోయింది.

"ఓ మంగతాయారమ్మగోరూ! రండి, రండి, అంత కోపమైతే ఎలాగండి!" గంపలు దాటుకుని లేచి, తడిచేత్తో గట్టు కింద వలసంచిలో తడిమి ఒక పీతని తీసింది. పొద్దున తన వలలో పడితే ఇంటికి తీసుకెళ్దామని దాచుకున్న పీత అది. ఎవరి వాటాలోనూ లేనిది, ఏ ముందుకబురులోనూ రానిది. మంగతాయారు వెనక్కొచ్చి బుట్ట చాచగానే అందులో చందువానీ, దాని మీద పీతనీ పడేసింది. "ఇదిగోండి కొసరు. నాకు బుద్ధి పుట్టి ఏత్తన్నాను. మళ్ళీ రేపు అడిగితే ఊరుకోను."

పీత బుట్టలోంచి మంగతాయారు వేలు పట్టుకుంది.

"అబ్బా! చచ్చాన్రా నాయనో!" ఆవిడ ఎగిరి గంతేసింది. వేలు విదిలించుకుని, పీత మొహంలోకి మొహం పెట్టి చూసి, నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. వకుళ అరచేతిలో పలక ఒక్కసారిగా బంగారంగా మారిపోయింది. ఒక చుక్క కాదు, చుక్క మీద చుక్క, తారాజువ్వల్లే.

"మరి నాకండి?" అన్నాడు వరసలో తరువాతాయన, బుట్ట ముందుకు చాస్తూ. చాలా ఏళ్ళుగా ఆ రేవులో ఎవరూ అనని మాట అది.

నూకాలు నడుం మీద చేతులేసుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "తమరికి లేదండి, పొండి. నిన్న నన్ను సూసి నవ్వనైనా లేదు మీరు."

అంతే, రేవంతా హోరెత్తింది. అడిగేవాళ్ళు, దెప్పేవాళ్ళు, బతిమాలేవాళ్ళు, వెనక్కి తిరిగి నడక నటించేవాళ్ళు. ఒకాయన మరీ వేగంగా నడిచేసి, ఎవరూ పిలవకపోయేసరికి తనే పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాడు. దొరికినవాడు గంతేశాడు, దొరకనివాడు దొరికినవాడి బుట్టలోకి తొంగి చూశాడు. "కారణం తెలియదు, కారణం తెలియదు" అని స్తంభం అరుస్తూనే ఉంది, వినేవాళ్ళెవరు?

పేర్రాజు గారు ఆ గోలలో భరిణె మూత ఎప్పుడు బిగించారో ఆయనకే తెలియదు. దాన్ని జేబులో వేసుకుని, ఖాళీ అయిన చేతిని నూకాలు ముందు చాచారు. "ఏవమ్మా, ఊరిపెద్దకైనా...?"

"సూద్దాం లెండి," అంది నూకాలు, తల తిప్పకుండా.

పొద్దు వాలుతుంటే వకుళా, పేర్రాజు గారూ గీతల గదిలో గోడ ముందు నిలబడ్డారు. గోడ మీద గోతులున్నాయి, మెట్టలున్నాయి, అంతటా మిణుకులు. కంటికి ఇంత ముద్దుగా కనపడతాయని వకుళ అనుకోలేదు. సరితూకం "ఊరు కుశలం" అన్న మాట చెరిపేసి, ఒక ప్రశ్న వేసుకుని కూర్చుంది: రేపు నూకాలు ఎవరికి కొసరు వేస్తుంది? నూకాలునే అడిగించారు. "నాకేటి తెల్సండి? రేపు లేచాక సూద్దాం," అని ఆవిడ నిద్రకి పోయింది.

చీకటి పడేలోపు ఊరందరి చెవుల్లోకీ రేపటి ముందుకబురు వెళ్ళాలి. ఎప్పటి కొసరే ఎప్పటిలా అని ఒక్క వేలితో నొక్కితే చాలు, ఊరు మళ్ళీ సాపుగా పడుకుంటుంది.

"మా నాన్నగారు చెక్కించిన మాటమ్మా అది, ద్వారం మీద," అన్నారు పేర్రాజు గారు. "పడవ కోసం చూసి చూసి ఆయన కళ్ళు కాయలు కాశాయి. అలాంటి ఎదురుచూపు నా పిల్లలకి వద్దన్నాడు."

"పడవ రాకపోతే ప్రాణం పోతుందండి. కొసరు రాకపోతే ప్రాణం లేచొస్తోంది. రెండూ ఒకటెలా అవుతాయి? పడవలు మనం తప్పకుండా పంపుదాం. చందువా తప్పకుండా వేద్దాం. కొసరు మాత్రం నూకాలు చేతికి వదిలేద్దాం." వకుళ కాస్త ఆగి అడిగింది. "మీ నాన్నగారు కొసరు అడిగేవారా అండి?"

"అడగడమా! పెళ్ళిచూపులకెళ్ళి, వాళ్ళు పెట్టిన పూతరేకులు తినేసి, ఇంకోటి కొసరు వేస్తేనే పిల్ల నచ్చిందని చెబుతానన్నాడట. మా అమ్మ లోపలినుంచి 'వెయ్యకండి, ఏం చేస్తాడో చూద్దాం' అందట." చెబుతూ చెబుతూ ఆయనే నవ్వేశారు. గోడ మీద ఆయన గీత మెరిసింది. ఆయన అది చూసుకున్నారు, చూసుకుని ఇంకా నవ్వారు.

వకుళ చెయ్యి చాచి ముందుకబురుని కట్టేసింది. పేర్రాజు గారు ఆపలేదు.

ఇంటికొచ్చేసరికి నేరేడుచీర కట్టుకుని మంగతాయారు వాకిట్లో కూర్చుని ఉంది. పీతకూర గిన్నె ముందుంది.

"ఏవే, దీన్లో ఉప్పెవరు వేశారు? నువ్వేనా? సముద్రం పక్కనే ఉందని గిన్నెలో ముంచుకొచ్చావా?"

"ఉప్పు చాలదని మీరే మళ్ళీ వేశారండి, నేను చూశాను!" అని వకుళ గట్టిగా అరిచింది. అరుస్తూ ఏడ్చేసింది, ఏడుస్తూనే పక్కన కూర్చుని అదే గిన్నెలో చెయ్యి పెట్టింది. పక్క తెప్ప మీద ఎవరో పీట వాల్చుకున్న చప్పుడయింది.

చీకటి పడింది. రోజూ ఆ వేళకి చెవిపూసలు రేపటి సంగతి చెప్పడం మొదలుపెడతాయి. ఇవాళ మూగగా ఉన్నాయి. జనం ఒక్కొక్కరే తెప్పల అంచులకొచ్చి, చెవులు తడుముకుని, ఒకరినొకరు పిలుచుకున్నారు. రేపేంటండీ? ఏమోనండీ. మీకేవైనా తెలిసిందా? ఏమో, మాకూ తెలీదు. తెప్ప నుంచి తెప్పకి ఆ మాటే పాకుతోంది. వకుళ అరచేతి పలక తీసి చూసింది. ఎవరికీ ఏదీ దొరకని ఈ వేళ, ఊరి గీతలన్నీ మునివేళ్ళ మీద లేచి నిలబడి ఉన్నాయి.

మంగతాయారు వేళ్ళు నాకి, కోడలి భుజం మీద ఒక్కటి చరిచింది.

"రేపు కూడా నూకాలు పీత వేస్తుందంటావే?"

"ఏమోనత్తయ్యా," అంది వకుళ.

పలక మీద అత్తగారి గీత మిణుక్కుమంది.